బోర్లీ రెక్టరీ: ఒక దయ్యాల కొంప చరిత్ర

దయ్యాల కొంప అనగానే ఊరి చివర పాడుబడిన దివాణమో, శ్మశానము ప్రక్కనున్న చింతతోపో మన తలపునకు వచ్చును. అయితే ఇంగ్లండు దేశమంతటిలో దయ్యాలకు పేరుమోసిన ఇల్లు ఒక సంఘగురువు నివాసగృహమే. ఎసెక్సు జిల్లాలో, సఫోకు సరిహద్దున బోర్లీ అను చిన్న పల్లె కలదు. అచ్చటి రెక్టరీ, అనగా గురువుగారి బంగళా, కథ మనవంటివారు తెలిసికొనదగినది.

1862లో రెవరెండ్ హెన్రీ డాసన్ ఎల్లిస్ బుల్ గారు ఎర్ర ఇటుకలతో ఆ ఇంటిని కట్టించిరి. పధ్నాలుగురు బిడ్డల సంసారము గనుక పిదప మరికొన్ని గదులు చేర్చిరి. విద్యుద్దీపములు లేవు. నీరు నూతినుండియే తెచ్చుకొనవలెను. పనివారిని పిలుచుటకు గదులలో తీగెల గంటలు ఉండెను. ఎలుకలకు కొదువ లేదు. అట్టి విశాలమైన చల్లని ఇంట రాత్రివేళ చప్పుళ్లు వినబడుట వింత కాదు.

ఊరిలో చెప్పుకొను కథ ఇది: 1362 ప్రాంతమున అచ్చట ఒక మఠముండెననియు, అందలి సన్యాసి ఒకడు సమీపమందలి కన్యస్త్రీతో ప్రేమలో పడెననియు, సంగతి బయటపడగా అతనిని చంపి, ఆమెను ప్రాణముతోనే గోడలో పెట్టి మూసిరనియు వాడుక. 1900 జూలై 28న మునిమాపువేళ బుల్ గారి నలుగురు కుమార్తెలు తోటలో ఆ కన్యస్త్రీ రూపమును చూచితిమనిరి. తలలు లేని బండివాండ్రు తోలు గుఱ్ఱపుబండి కూడ కనబడుననిరి. అయితే ఆ మఠము కథకు చారిత్రకాధారము ఏమియు లేదని 1938లో తేలినది. ఇంటి పిల్లలే తమ బంగళాకు వన్నె తెచ్చుటకు ఆ కథ అల్లిరని పరిశోధకుల అభిప్రాయము.

బుల్ గారు 1892లోను, ఆయన తరువాత రెక్టరైన కుమారుడు హ్యారీ గారు 1927లోను మరణించిరి. 1928 అక్టోబరులో, భారతదేశమునుండి వెళ్లిన రెవరెండ్ ఎరిక్ స్మిత్ గారు సతీసమేతముగా ఆ ఇంట ప్రవేశించిరి. ఊరివారి భయమును చూచి, నిజము తేల్చగలవారిని పంపుడని 1929లో డైలీ మిర్రర్ పత్రికకు వ్రాసిరి. పత్రికవారు విలేకరిని పంపి, హ్యారీ ప్రైస్ అను దయ్యముల పరిశోధకుని కూడ పిలిపించిరి. ఆయన వచ్చిన పిదపనే రాళ్లు, పాత్రలు ఎగిరిపడుట ఆరంభమైనది. ఆయన వెళ్లగానే ఆగినది! దీపమార్పుటకు పిలిచినవారు నూనె పోసిపోయిరన్న మాట. స్మిత్ దంపతులు ఆ జూలైలోనే ఇల్లు విడిచిరి.

1930లో రెవరెండ్ లయొనెల్ ఫాయిస్టర్ గారు వచ్చిరి. వారున్న ఐదేండ్లలో గంటలు మ్రోగుట, సీసాలు పగులుట, గోడలపై వ్రాతలు కనబడుట మిక్కుటమైనది. ఆయన భార్య మేరియన్ గారు వార్ధక్యములో, తాను ఏ రూపమును చూడలేదనియు, కొన్ని చప్పుళ్లు గాలివలన, కొన్ని తన కొంటెపనులవలన కలిగినవనియు ఒప్పుకొనిరి.

ప్రైస్ 1937లో ఆ ఇంటిని ఏడాదికి అద్దెకు తీసికొని, 48 మందిని కాపలా ఉంచెను. 1939 ఫిబ్రవరి 27 రాత్రి ఇల్లు కాలిపోయినది. నూనెదీపము ఒరిగెనని యజమాని చెప్పెను. కావలెననియే నిప్పు పెట్టబడినదని బీమా విచారణలో తేలినది. మరుసటి యేట ప్రైస్ వ్రాసిన పుస్తకముతో బోర్లీ పేరు లోకమంతట మ్రోగినది. 1944లో శిథిలములు కూల్చివేయబడినవి. 1948లో ప్రైస్ మరణించెను. 1956లో ముగ్గురు పరిశోధకులు సాక్ష్యములన్నిటిని తిరిగి పరిశీలించి, చాల భాగము ఎలుకలు, గాలి, పుకార్లు, మనుష్యుల మోసము తప్ప వేరు కాదని వ్రాసిరి.

పుస్తకములు వ్రాసినవారికి పేరు వచ్చినది, పత్రికలు అమ్ముడుపోయినవి. కాని ఆ పల్లెవారికి మిగిలినదేమి? రాత్రివేళ గేట్లు దూకి వచ్చు వేడుకరులు, ప్రార్థనకు పోవలసిన దేవాలయముపై దయ్యాల ముద్ర. స్మిత్ గారి వంటి గురువు తన సంఘస్థుల భయమును పోగొట్టుటకు చేసిన యత్నమును ఎవరు జ్ఞాపకముంచుకొనిరి?

పెద్దలు చెప్పినది వినుట మంచిదే. వినినదంతయు జరిగినదని వ్రాయుట మంచిది కాదు. ఏది చూచితిమి, ఏది వింటిమి, ఏది పత్రములలో ఉన్నది అని వేరు వేరుగా వ్రాసినప్పుడే చరిత్ర నిలుచును. శతాబ్ది సంచికలకు కలము పట్టిన మనకందరికి బోర్లీ ఇచ్చు హెచ్చరిక ఇదే.