గాలి కదలికకు ఛాయాచిత్రం

మండువేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీదుగా చూస్తే దూరపు చెట్లు వణుకుతున్నట్లు కనిపించడం అందరికీ అనుభవమే. వణికేది చెట్టు కాదు. వేడెక్కి పలుచబడిన గాలిగుండా వచ్చే కాంతి దారి మారుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాని వక్రీభవన గుణకంలో కలిగే మార్పు సుమారు పది లక్షలలో ఒక వంతు మాత్రమే. అంత స్వల్పమైన మార్పును చిత్రంగా పట్టడానికి 1864లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ ట్యోప్లర్ 'ష్లీరెన్' పద్ధతిని రూపొందించాడు. దానికి నాణ్యమైన కటకాలు లేదా దర్పణాలు కావాలి. చూడదలచిన వస్తువు ఎంత పెద్దదైతే అవీ అంత పెద్దవి కావాలి. ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు.

2000 ప్రాంతంలో జర్మనీ, బ్రిటన్ పరిశోధకులు అద్దాల స్థానంలో చుక్కల తెరను నిలిపారు. తెరను కదలని కెమెరాతో ముందుగా ఒకసారి, మధ్యలో వేడిగాలి లేచేటప్పుడు మరొకసారి చిత్రిస్తారు. రెండవ చిత్రంలో ఏ చుక్క ఎటు, ఎంత జరిగిందో కంప్యూటరు లెక్కగట్టి గాలి ఆకృతిని చూపుతుంది. చుక్కలు ముగ్గు చుక్కల వలె వరుసగా ఉండరాదు. అలా ఉంటే ఒక చుక్క పక్కచుక్క స్థానానికి జరిగినా తేడా తెలియదు. తెల్లగుడ్డపై చల్లిన ఆవాల వలె చెదరి ఉండాలి.

అమెరికా సంస్థ నాసా ఎడారినే తెరగా వాడుకుంది. 2019లో వెలువరించిన చిత్రాలలో, సుమారు 30,000 అడుగుల ఎత్తున ఎగిరే విమానం నుండి తమ కింద ధ్వనివేగాన్ని మించి పోయే రెండు టి-38 విమానాల అఘాత తరంగాలను బంధించారు. నేలమీది పొదలే చుక్కలు. ఆ తరంగాలు నేలను తాకినప్పుడు పిడుగువంటి మోత వినబడుతుంది. ఆ కారణంగానే 1973లో అమెరికా తన భూభాగంపై పౌర విమానాలకు ఆ వేగాన్ని నిషేధించింది. మోత తగ్గించాలంటే తరంగాల రూపు ముందు తెలియాలి.

గాలికంటే బరువైన వంటగ్యాసు కిందికి జారడాన్ని కూడా ప్రయోగశాలలో ఈ విధంగా చూపవచ్చు. ఇంట్లో గ్యాసు వాసన వస్తే మాత్రం కెమెరా పని కాదు: రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, విద్యుత్ స్విచ్చులు ముట్టకుండా బయటికి రావాలి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కెమెరాకూ తెరకూ మధ్యనున్న గాలి అంతటి ప్రభావం ఒకే చిత్రంలో కలిసిపోతుంది. అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉన్న గాలి ఎంత బలంగా వీచినా ఇందులో కనబడదు.