ఫరీదాబాద్ పరిసరాల్లో ప్రాణభయానికి వైద్యం

ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు, ఒళ్లంతా చెమటలు పడతాయి, ప్రాణం పోతోందనిపిస్తుంది. పానిక్ అటాక్ లక్షణాలివి. సాధారణంగా పది నిమిషాల్లోపే తీవ్రమై తర్వాత తగ్గుముఖం పడుతుంది. మళ్లీ వస్తుందేమోనన్న బెంగ మాత్రం నెలల తరబడి వదలదు. ఇలాంటి భయానికి వైద్యం పెద్దాసుపత్రుల గోడలు దాటడానికి దశాబ్దాలు పట్టింది.

ఫరీదాబాద్ కథ చూస్తే అది తెలుస్తుంది. మొఘల్ చక్రవర్తి జహంగీర్ కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో నెలకొల్పిన ఫరీదాబాద్ పక్కన, 1949లో కొత్త పట్టణ నిర్మాణం మొదలైంది. దేశ విభజన వేళ బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్ వంటి వాయవ్య సరిహద్దు ప్రాంతాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన శరణార్థులు అక్కడ గుడారాల్లో తలదాచుకున్నారు. కమలాదేవి చటోపాధ్యాయ్ స్థాపించిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ వాళ్లను సహకార సంఘాలుగా కూడగట్టింది. ఇళ్ల నిర్మాణంలో వాళ్లే కూలీలయ్యారు. అప్పట్లో పునరావాసమంటే కూడు, గూడు, పని. మనసుకు తగిలిన దెబ్బ ఆ లెక్కలోకి రాలేదు. ఆరోగ్య సేవలపై 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం మానసిక రోగులకు దేశమంతటా ఉన్న పడకలు పదివేల చిల్లర. తీవ్రంగా జబ్బుపడినవాళ్లకే అవి చాలేవి కావు.

ఈ కొరత నడుమ 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ కొత్త దారి తొక్కారు. ఆవరణలో గుడారాలు వేయించి రోగితోపాటు ఇంటివాళ్లనూ ఉంచారు. జబ్బేమిటో, ఎలా చూసుకోవాలో వాళ్లకు అక్కడే నేర్పారు.

పానిక్‌కు మందు దొరికే దారి మరోచోట తెరుచుకుంది. 1959 ప్రాంతంలో న్యూయార్క్‌లో మనోవైద్యుడు డొనాల్డ్ క్లైన్ ఇమిప్రమీన్ మందును పరీక్షించారు. రోజూ పలుమార్లు నర్సుల దగ్గరికి పరుగెత్తి చచ్చిపోతున్నానని వాపోయే రోగి ఆ పరుగులు మానేశాడు. ఆ మార్పును ముందుగా పసిగట్టింది నర్సులే. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ పానిక్‌ను ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. మామూలు గుండెదడను గుండెపోటుగా పొరబడడం వల్లే భయం పెరుగుతుందని 1986లో బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ వివరించారు.

గుండెదడ వచ్చినవాళ్లు మొదట వెళ్లేది మామూలు డాక్టరు దగ్గరికే. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పాత్ర కీలకం. 1975లో చండీగఢ్ పీజీఐ వైద్య సంస్థ మనోవైద్యులు ఫరీదాబాద్ ఉన్న హరియాణాలోనే, రాయ్‌పూర్ రాణిలో, గ్రామీణ ఆరోగ్య సిబ్బందితోనే మానసిక వైద్యం చేయించే ప్రయత్నం ఆరంభించారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ కూడా సమీపంలోని సకలవారలో అదే పని చేసింది. ఈ అనుభవాలే 1982 జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పునాది. 1996లో దాన్ని జిల్లాల స్థాయికి తెచ్చారు. మానసిక వైద్యం పొందడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కు చేసింది.

నేటి వైద్యంలో మొదటి మెట్టు గుండె, థైరాయిడ్ పరీక్షలు. వాటిలో లోపం లేదని తేలాక మందులు, ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంటాయి. డాక్టరు పర్యవేక్షణలో రోగి మెట్లెక్కి దడ తెప్పించుకుని, అది ప్రాణం తీయదని స్వయంగా తెలుసుకుంటాడు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా సలహా దొరుకుతుంది. ఫరీదాబాద్ కార్మికుడికైనా, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబానికైనా సాయం కోసం ఇప్పుడు ఊరు దాటనక్కర్లేదు.