సైబరాబాద్ ఐటీ కార్యాలయాల్లో లింగవివక్షాపూరిత హాస్యం: చట్టచరిత్ర నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:
పనిచేసే చోట స్త్రీలను లక్ష్యంగా చేసుకొనే హాస్యాన్ని గత మూడు దశాబ్దాల భారతీయ చట్టం ఎలా చూసిందో శేరిలింగంపల్లి ఐటీ కారిడార్ నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అటువంటి హాస్యాన్ని అంచనా వేయడానికి విన్నవారికి బదులు చెప్పే వీలు ఉందా అన్నదే సరైన కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శేరిలింగంపల్లి, సైబరాబాద్, పరిహాసం, వావివరస, విశాఖ తీర్పు, 2013 చట్టం.

1. ప్రవేశిక:
రాజస్థాన్‌కు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ పేరుతో ప్రసిద్ధమైన 'విశాఖ' కేసులో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో హైటెక్ సిటీ తొలి భవనమైన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రెండింటి మధ్య వ్యవధి పదిహేను నెలలే. ఆ భవనం తలుపులు తెరుచుకొనేనాటికే లైంగికార్థం ధ్వనించే వ్యాఖ్యలు వేధింపు కిందికి వస్తాయన్న నిర్వచనం దేశంలో ఉంది. అయినా 'సరదాకి అన్నాను' అన్న మాట కార్యాలయాల్లో సంజాయిషీగా చెల్లుతూ వచ్చింది. దానికి కారణాలను అన్వేషించవలసి ఉంది.

2. వావివరస - పరిహాసం:
తెలుగు సమాజంలో పరిహాసానికి హద్దులు గీసినది వావివరస. బావామరదళ్ళు, వదినామరుదులు, వియ్యాలవారు ఒకరినొకరు ఎగతాళి చేసుకోవచ్చు. మామాకోడళ్ళ మధ్య ఆ చనువు లేదు. పెళ్ళిలో ఆడపెళ్ళివారి స్త్రీలు మగపెళ్ళివారిని పాటలతో ఆటపట్టించడం తెలిసినదే. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ప్రచురించిన వ్యాసంలో పరిహాస సంబంధాలను పరస్పరమైనవి, ఏకపక్షమైనవి అని రెండుగా విభజించాడు. వరస పేరుతో స్త్రీలు భరించిన మాటలూ తక్కువ కావు. అయినా మరదలు బావకు బదులు చెబితే తప్పుపట్టేవారు అరుదు.

కార్యాలయంలో వరస లేదు, హోదా ఉంది. అప్రైజల్, ప్రాజెక్టు కేటాయింపు, ఆన్‌సైట్ అవకాశం మేనేజరు చేతిలో ఉంటాయి. అతడు చుట్టరికపు చనువును వాడుకోగలడు. కింది ఉద్యోగిని ఆ చనువుతోనే తిరిగి మాట్లాడలేదు. ఇక్కడ పరిహాసం ఏకపక్షమవుతుంది.

3. కారిడార్ భద్రత - కార్యాలయంలోని మౌనం:
2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. 2013 అక్టోబరులో ఐటీ కారిడార్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై జరిగిన అఘాయిత్యం తరువాత రాత్రి ప్రయాణాల భద్రత ప్రధాన చర్చాంశమైంది. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో 'షీ టీమ్స్' మొదలయ్యాయి. ఈ చర్యలు అవసరమైనవే. అయితే వాటి దృష్టి ప్రధానంగా రోడ్డు, వాహనం, అపరిచితుడి మీద నిలిచింది.

కార్యాలయం లోపలికి సంబంధించిన చట్టం 2013 డిసెంబరు 9న అమలులోకి వచ్చింది. పదిమంది లేక అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలని, విచారణ 90 రోజులలో ముగియాలని అది నిర్దేశించింది. ఫిర్యాదిదారు రక్షణ కోసం ఫిర్యాదు, విచారణ వివరాలను బహిరంగపరచరాదని 16వ సెక్షన్ ఆదేశించింది. వార్షిక నివేదికలో ఫిర్యాదుల సంఖ్య మాత్రం చేరుతుంది. దీనివల్ల ఏ మాట ఎవరిని ఎలా నొప్పించిందన్న చరిత్ర కమిటీ గది దాటి రాదు. ఫిర్యాదు దాకా వెళ్ళని జోకు ఆ సంఖ్యలో కూడా కనిపించదు.

4. నవ్వు వెనుక పనిచేసేవి:
రోజబెత్ మాస్ కాంటర్ 1977లో వెలువరించిన గ్రంథంలో, పురుషాధిక్యం గల బృందంలోని కొద్దిమంది స్త్రీలకు జోకులు విధేయతా పరీక్షలుగా మారడాన్ని చూపింది. తోటి స్త్రీలపై వేసిన జోకుకు నవ్వితే వారు 'మనవాళ్ళు' అవుతారు, నవ్వకపోతే పరాయివారవుతారు. థామస్ ఫోర్డ్, సహపరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాలు మరో పార్శ్వాన్ని వెల్లడించాయి. స్త్రీలపట్ల విద్వేషభావం ఎక్కువగా ఉన్న పురుషులు అటువంటి జోకులు చదివాక స్త్రీల సంస్థకు తక్కువ విరాళమిస్తామన్నారు. అదే భావాన్ని హాస్యం లేకుండా చెప్పినప్పుడు ఆ ప్రభావం కనిపించలేదు. అంటే జోకు వివక్షను కొత్తగా పుట్టించకపోయినా, లోపల ఉన్నదానికి అనుమతినిస్తుంది.

5. తీర్పులలో 'సరదా':
అమెరికా సుప్రీంకోర్టు 1993లో హారిస్ కేసులో ఈ సంజాయిషీని ఎదుర్కొంది. ఆడదానికేం తెలుసని హేళన చేసిన యజమాని, తాను హాస్యమాడానన్నాడు. బాధితురాలు మానసికంగా కుంగిపోయినట్లు నిరూపించనవసరం లేదని కోర్టు స్పష్టం చేసింది. 2025 జనవరిలో మద్రాసు హైకోర్టు ఒక ఐటీ సంస్థ కేసులో, ఉద్దేశం కంటే చర్యకే ప్రాధాన్యమివ్వాలని పేర్కొంది. అదే ఏడాది మార్చిలో బొంబాయి హైకోర్టు ముందుకు మరో వివాదం వచ్చింది. ఒక బ్యాంకు శిక్షణ సమావేశంలో సహోద్యోగిని పొడవైన జుట్టును సర్దుకోవడానికి జేసీబీ వాడుతున్నారేమోనని వ్యాఖ్యానించి, జుట్టు మీద సినిమా పాట పాడిన ఘటన అది. ఆరోపణ నిజమే అనుకున్నా అది లైంగిక వేధింపు కాదని కోర్టు తేల్చింది.

ఈ తేడాకు మూలం నిర్వచనంలో ఉంది. 2013 చట్టం ప్రకారం మాటకు లైంగిక స్వభావం ఉండాలి. 'ఆడవాళ్ళకు కోడింగేమిటి', 'పెళ్ళయితే ప్రాజెక్టు వదిలేస్తారు' వంటి మాటలలో లైంగికార్థం లేదు, వివక్ష ఉంది. హారిస్ కేసుకు ఆధారమైన అమెరికా చట్టం లింగవివక్షను నిషేధించినందున రెంటినీ కలిపి చూడగలిగింది.

6. ముగింపు:
విశాఖ నుంచి 2025 వరకు భారతీయ చట్టం ఉద్దేశాన్ని దాటి ప్రభావం వైపు నడిచింది. లైంగికార్థం లేని అవహేళన మాత్రం ఇంకా దాని గడప బయటే ఉంది. ప్రతి చమత్కారాన్నీ నేరంగా మార్చడం పరిష్కారం కాదు. ఈ ఖాళీని పూరించవలసింది సంస్థల ప్రవర్తనా నియమావళులు. వాటికి కొలమానం తెలుగువారి వరసలోనే దొరుకుతుంది. నవ్విన నోటికి తిరిగి బదులు చెప్పే చనువు అవతలివారికి లేనప్పుడు, ఆ మాటను పరిహాసమని పిలవడం తగదు.