దిగివచ్చి ఎక్కినవారు

ఉగాది వెళ్ళి నెల తిరగకముందే మన దుర్గాపూర్‌లో ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడి తెలుగువారికి చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం షిఫ్టుకు పోయేవారు తలకు తడిగుడ్డ చుట్టుకొని పోతారు. సరిగా ఆ రోజులలోనే ఎవరెస్టు ఎక్కదలచినవారు ఆ కొండ పాదాన మంచుమీద గుడారాలు వేసుకొని కూర్చుంటారు. శిఖరాన్ని కోసే పెనుగాలి మే నెలలో కొద్ది రోజులు మాత్రం పక్కకు తప్పుకొంటుంది. మనకు రోహిణి కార్తె సమీపించే వేళకు వారికి దారి తెరుచుకొంటుంది.

2018 మే నెల నడుమ ఆ దారిన మన జిల్లా పిల్లలు పోయినారు. మనీషా ధుర్వే, ప్రమేశ్ ఆలే, ఉమాకాంత్ మడావి, కవిదాస్ కాట్మోడే, వికాస్ సోయం అనే ఈ ఐదుగురు జివతి, దేవాడ మొదలైన ఊళ్ళలోని ఆదివాసి ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు. జివతి మనవారికి కొత్త చోటు కాదు. అది పాత రాజురా తాలూకా. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండినది. రాష్ట్రాల పునర్విభజనలో ఇవతలికి వచ్చినది. ఇప్పటికీ ఆ గుట్టలలో మరాఠీ, గోండి, తెలుగు మూడూ వినిపిస్తాయి.

ఆ పిల్లలు ఇంకా హిమాలయాలలో ఉన్న రోజులలో మా వీధిలోని ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగినాడు. ముప్పై ఏండ్లు గనిలో పనిచేసిన మనిషి. "ఏందయ్యా, ఎక్కెటోళ్ళు సగం దాక పోయి మల్ల కిందికి దిగుతరంట. మల్ల పోతరంట. ఒక్కపారే పోతె అయిపోదా? పైసలు దండుగ, కాళ్ళు దండుగ!" అన్నాడు. అప్పుడు నాకు తెలిసినంతలో రెండు మాటలు చెప్పి వచ్చినాను గాని అది సరియైన జవాబు కాలేదు. దాని వెనుక నూరేండ్ల చరిత్ర ఉన్నది. అందులో కొంత మన తెలుగువారి చరిత్ర కూడాను.

మొదట దేహం సంగతి. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒక్కటే, అయిదింట ఒక వంతు. కాని పైకి పోయినకొద్దీ గాలి వత్తిడి తగ్గుతుంది గనుక ఒక్కొక్క ఊపిరికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది. మన చంద్రపూర్ సముద్రమట్టానికి సుమారు 190 మీటర్ల ఎత్తున ఉన్నది. నేపాలు వైపు ఎవరెస్టు మూలశిబిరం 5,300 మీటర్లకు పైన ఉన్నది. అక్కడ మనకు అందేదానిలో సగమే అందుతుంది. 8,848 మీటర్ల శిఖరం మీద మూడింట ఒక వంతు. దేహం దీనికి మెల్లగా సర్దుకొంటుంది. ఊపిరి వేగం పెరుగుతుంది, రక్తంలో ఎర్రకణాలు పెరుగుతవి. ఇందుకు రోజులు, వారాలు కావలెను. తొందరపడితే మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరి ప్రాణానికే వస్తుంది. అందుచేత పగలు పైకి ఎక్కి రాత్రికి కిందికి దిగి నిద్రించుట వారి పద్ధతి.

ఇంతవరకు చాలామందికి తెలుసును. తెలియనిది రెండవ సంగతి. దేహం సర్దుకొనుటకు ఒక హద్దు ఉన్నది. సుమారు 5,500 మీటర్లు దాటిన తరువాత ఎన్ని రోజులున్నా అలవాటు పడటం కంటె అరిగిపోవడమే ఎక్కువ. ఆకలి చస్తుంది, నిద్ర తెగిపోతూ ఉంటుంది, చిన్న గాయం కూడా మానదు, కండ కరుగుతుంది. అక్కడ పడుకొన్నా విశ్రాంతి కాదు. మా పెద్దాయనకు గని భాషలో చెప్పవలసి వచ్చినది: మనకు దిగడం పని, పైకి వచ్చుట విశ్రాంతి, వారికి ఎక్కడం పని, దిగుట విశ్రాంతి.

ఈ సంగతి మనుషులకు సులభంగా తెలియలేదు. 1924లో ఆంగ్లేయులు టిబెట్టు వైపునుండి ఎవరెస్టుకు మూడవసారి వచ్చినారు. మే నెల మొదట్లోనే భయంకరమైన చలి, మంచుతుఫాను. 6,400 మీటర్ల దగ్గరి మూడవ శిబిరంలో కూలీలు గుడారాలలో ముడుచుకొని పడిపోయినారు. నాయకుడు నార్టన్ శిబిరాలన్నిటినీ వదిలి అందరినీ కిందికి దింపినాడు. అప్పటికే ఇద్దరి ప్రాణం మీదికి వచ్చినది. శంషేర్ అనే గూర్ఖా సైనికుడు మెదడులో రక్తస్రావమై పోయినాడు. దండుకు చెప్పులు కుట్టే మాన్ బహదూర్ రెండు కాళ్ళూ మంచు కొరికి, పిమ్మట పోయినాడు. ఎవరెస్టు పుస్తకాలలో మాలొరీ పేరు ఎంత పెద్దగా ఉంటుందో ఈ చెప్పులు కుట్టేవాని పేరు అంత చిన్నగా ఉంటుంది. అందుకే ఇక్కడ వ్రాసినాను.

దిగివచ్చిన దండు మే 15న రోంగ్‌బుక్ మఠానికి పోయి అక్కడి లామా దీవెన తీసుకొన్నది. తెల్లవారితో పాటు కూలీలు కూడా వరుసగా పోయి తల వంచినారు. అటుపిమ్మట వారి ముఖాలు మారిపోయినవని వెంట ఉన్నవారే చెప్పినారు. అది దేవుని మహిమో, నాలుగు రోజులు వేడి తిండి తిని నిద్రపోయిన మహిమో నేను తీర్పు చెప్పలేను. రెండూ అనుకొంటే నష్టమేమీ లేదు. జూన్ 4న నార్టన్ ప్రాణవాయువు సీసా లేకుండానే 8,570 మీటర్ల దాకా ఎక్కినాడు. అయిదు దశాబ్దాలకు పైగా సీసా లేకుండా అంతకంటె పైకి ఎవరూ పోయినట్లు లేదు. నాలుగు రోజుల తరువాత మాలొరీ, ఇర్విన్ పైకి పోయి తిరిగి రాలేదు.

1953లో నాయకుడు హంట్ ఈ పాఠాలన్నీ ముందుగానే లెక్క వేసుకొని వచ్చినాడు. మొదట త్యాంగ్‌బోచె మఠం దగ్గర, 3,900 మీటర్లకు లోపున, చెట్లూ పచ్చికా ఉన్నచోట అందరినీ ఉంచి, చుట్టుపక్కల కొండలకు పంపుతూ మరల అక్కడికే రప్పించినాడు. తరువాత పైన సామాను మోత సాగుతూ ఉండగా, ఎక్కవలసినవారిని వంతులవారీగా లొబుజేకు దింపి కొద్ది రోజులు ఊరకే కూర్చోబెట్టినాడు. మే 29న టెన్జింగ్, హిల్లరీలు శిఖరం చేరినారు. టెన్జింగ్ శిఖరం మీద నిలిచిన ఫొటో అందరి ఇండ్లలోకీ వచ్చినది. లొబుజేలో పచ్చికమీద పడుకొన్నవారి ఫొటో ఎవరు పెట్టుకొంటారు?

హంట్ వెంట గ్రిఫిత్ ప్యూ అనే దేహశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయన అక్కడితో ఆగలేదు. 1960లో హిల్లరీ నాయకత్వాన పోయిన దండులో, 5,800 మీటర్ల ఎత్తున మంచుమీద ఒక వెండిరంగు గుడిసె కట్టించి, చలికాలమంతా అందులో శాస్త్రజ్ఞులను కాపురముంచినాడు. వారిలో మన దేశపు శాస్త్రజ్ఞుడు సుఖమయ్ లాహిరి కూడా ఉన్నాడు. గుడిసెలో వెచ్చదనం ఉన్నది, తిండికి కొదువ లేదు. అయినా వారానికి అరకిలో మొదలు కిలోన్నర దాకా తూకం తగ్గుతూనే వచ్చినది. అంత ఎత్తున సుఖంగా ఉన్నా దేహం కరిగిపోతుందని ఆనాటితో రుజువయినది.

మన దేశపు దండుల సంగతికి వస్తే, 1960లో ఒకసారి, 1962లో ఒకసారి మనవారు శిఖరానికి చాలా దగ్గరగా పోయి గాలికి ఓడి వెనుకకు తిరిగినారు. 1965లో నౌకాదళ అధికారి ఎం.ఎస్. కోహ్లీ నాయకుడు. ఆ ఏడు కూడా ఏప్రిల్ నెలాఖరుకు ఎక్కుటకు సిద్ధపడినంతలో వాతావరణం చెడినది. పైనే పొంచి కూర్చోకుండా మూలశిబిరానికి దిగి ఓపికపట్టినారు. మే 20న చీమా, నవాంగ్ గోంబు శిఖరం చేరినారు. నెలాఖరులోగా నాలుగు జట్లుగా మొత్తం తొమ్మిదిమంది. అప్పటికి ఒక్క దండునుండి అంతమంది ఎక్కుట లోకంలో లేదు.

దిగలేకపోయినవారి కథ కూడా మనదే, అది తెలుగువాని కథ. 1985లో మన సైన్యంవారు వర్షాకాలం వెళ్ళిన తరువాత ఎవరెస్టుకు పోయినారు. అందులో లెఫ్టినెంటు ఉదయ భాస్కర రావు ఉన్నాడు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకొన్నవాడు. అక్టోబరులో ఆ జట్టు సౌత్ కోల్ అనే కనుమ దగ్గర, దాదాపు 7,900 మీటర్ల ఎత్తున, తుఫానులో చిక్కుకొన్నది. గుడారాలు ఉన్నవి. కాని పైకి పోవుటకు లేదు, కిందికి దిగుటకు లేదు. ఆ ఎత్తున ఎదురుచూచే ప్రతి గంటా దేహాన్ని తినివేస్తుంది. భాస్కర రావు, ఆయనతో మరి ముగ్గురు అధికారులు అక్కడే అసువులు బాసినారు. అంతకు కొద్ది రోజుల ముందు మరొక అధికారి జారిపడి మరణించినాడు. ఆ ఏడు మన సైన్యం అయిదుగురిని పోగొట్టుకొన్నది.

ఆ పాఠశాలలో భాస్కర రావు విగ్రహం పెట్టినారు. దానిని చూస్తూ పెరిగిన ఒక నెల్లూరు జిల్లా పిల్లవాడు తరువాత కొండలు పట్టినాడు. ఆయనే మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజులలో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ ఎక్కినాడు. జనవరిలో అంటార్కిటికాలో మొదలుపెట్టి, మే 21న ఎవరెస్టు చేరి, జూలైలో అలాస్కాలో ముగించినాడు. 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలో ఒంటరిగా ఎక్కుతూ మరణించినాడు. ఆయన చదివిన చదువులకు హాయిగా పెద్ద జీతం తీసుకోగలిగినవాడు. ఎందుకు పోయినాడని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు.

చదునైన వేడి దేశాలవారికి ఇది సాధ్యమా అని ఎవరైనా అడిగితే ఇండొనేషియా సైనికుల మాట చెప్పవలెను. వారిలో పెక్కుమంది అంతకుముందు మంచు ఎరుగరు. 1997లో వారికి దారి చూపినవాడు అనటోలీ బుక్రేయెవ్ అనే రష్యావాడు. ఎక్కి దిగి అలవాటు చేసుకొనే పని ముగిసిన తరువాత, శిఖరానికి పంపేముందు, ఆయన వారిని మూలశిబిరంలో కూడా ఉంచలేదు. ఇంకా కిందికి, చెట్లున్న దేబోచె దాకా, 3,770 మీటర్లకు దింపి వారం రోజులు కూర్చోబెట్టినాడు. సంపాదించిన అలవాటు ఒక వారంలో పోదు. పోయిన ఆకలి, నిద్ర మాత్రం తిరిగి వస్తవి. మరీ ఎక్కువ రోజులు కూర్చుంటే మొదటికే మోసం. ఎంత కిందికి, ఎన్ని రోజులు అన్నదే అందులోని నేర్పు. ఏప్రిల్ 26న అస్ముజియోనో అనే సైనికుడు శిఖరం చేరినాడు. ఇప్పుడు డబ్బున్నవారు హెలికాప్టరులో కాఠ్మాండు దాకా దిగి హోటలు మంచం మీద విశ్రమించి మరల ఎగిరి వస్తున్నారు. ఇది బుక్రేయెవ్ చెప్పినదే గాని, నడిచి దిగిన కాళ్ళకు ఉండే గౌరవం దీనికి ఉన్నదని నాకు తోచదు.

2014లో మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్టు దారిన పోయినారు. ఒకరిది నిజామాబాదు జిల్లా, ఒకరిది ఖమ్మం జిల్లా, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి గుట్టమీద బండలెక్కుట నేర్చి, డార్జిలింగు, లడఖ్ చూచి, మే 25న శిఖరం చేరినారు. పూర్ణకు అప్పటికి పధ్నాలుగేండ్లు నిండలేదు. నేపాలు వైపున అంత చిన్నవారిని ఎక్కనివ్వరు. ఆ నేపాలు దారిలోనే ఏప్రిల్ 18న మంచుచరియ విరిగి పదహారుగురు నేపాలు కూలీలు, షెర్పాలు చనిపోయినారు. టిబెట్టు దారిలో మూలశిబిరం 5,200 మీటర్లు, ముందరి శిబిరం 6,400, ఆపైన నార్త్ కోల్ 7,000. ఆ మెట్లమీద పైకీ కిందికీ తిరిగి తిరిగి, చివరకు మూలశిబిరానికి దిగి బలం కూడగట్టుకొని పోవుట అక్కడి ఆనవాయితీ. ఆ పిల్లలు శిఖరం చేరిన వారానికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది.

నాలుగేండ్లకు మన చంద్రపూర్ పిల్లల వంతు వచ్చినది. ఆ పనికి "మిషన్ శౌర్య" అని పేరు పెట్టినారు. 2017 ఆగస్టులో శిక్షణ మొదలయినది. వర్ధా, హైదరాబాదు, డార్జిలింగు, లేహ్ లడఖ్. అనగా ఎవరెస్టు చూడకముందే వారు ఎత్తులకు పోయి రావడం నేర్చినారు. పదిమంది బయలుదేరినారు. ఐదుగురు శిఖరం చేరినారు. పదిమందీ ప్రాణాలతో ఇండ్లకు వచ్చినారు.

ఇదంతా మా పెద్దాయనకు ఒక సాయంత్రం అరుగుమీద కూర్చుండి చెప్పినాను. భాస్కర రావు సంగతి వద్ద ఆయన చేతిలోని బీడీ ఆరిపోయినది. మరల వెలిగించుకోలేదు. చాలాసేపు ఊరకుండి, "పైకి పోయినోళ్ళకు సన్మానాలు చేసిండ్రు, పేపర్ల ఫొటోలు ఏసిండ్రు. మంచిదే. మరి ఆ కిందికి దిగొచ్చిన ఐదుగురి ఇండ్లకు ఎవలన్న పోయిండ్రా?" అని అడిగినాడు.