గడ్చిరోలి గుడిసె ఆస్పత్రి: గిరిజన ఆరోగ్యంలో సంస్కృతి పాత్ర

ప్రజారోగ్య నివేదికల్లో ‘సాంస్కృతిక అవరోధం’ అనే మాట తరచు కనిపిస్తుంది. గర్భిణి కాన్పుకు ఆస్పత్రికి రాకపోయినా, జబ్బుపడ్డ బిడ్డను తల్లి డాక్టరుకు చూపించకపోయినా దోషం వారి నమ్మకాలదేనని ఆ మాట తీర్పు చెప్పేస్తుంది. రోగికి ఉన్నట్టే ఆస్పత్రికీ ఒక సంస్కృతి ఉందని, దాని దుస్తులు, వేళలు, భాష, కొలతలు అన్నీ అందులో భాగమేనని గుర్తించినప్పుడు ఈ తీర్పు నిలవదు. ప్రాణహిత, గోదావరి నదులకు ఆవల, తెలంగాణను ఆనుకొని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి అనుభవం ఇందుకు బలమైన నిదర్శనం. గోండు, మాడియా జనం నివసించే ఈ అటవీ జిల్లాలో, దక్షిణాన సిరోంచ వైపు, తెలుగు కూడా వాడుకలో ఉంది.

వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో ఇక్కడ ‘సెర్చ్’ సంస్థను నెలకొల్పారు. గిరిజనులు ఆస్పత్రికి ఎందుకు రారని వారినే అడిగినప్పుడు వచ్చిన జవాబులు ఏ వైద్య గ్రంథంలోనూ దొరకనివి: పెద్ద భవనాలు భయపెడతాయి, రోగి దగ్గర అయినవారిని ఉండనివ్వరు, డాక్టర్లూ నర్సులూ తెల్లబట్టలు వేసుకుంటారు, తెల్లగుడ్డ కప్పేది శవానికి. అందుకే అక్కడి ఆస్పత్రి గిరిజన పల్లెను పోలిన గుడిసెల వరుసగా, బంధువులు రోగితోపాటు ఉండే వీలుతో, దంతేశ్వరి అమ్మవారి పేరుతో రూపుదిద్దుకుంది. జనం చెప్పిన అభ్యంతరాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయకుండా భవన నిర్మాణానికి సూచనగా స్వీకరించడంలోనే ఈ ప్రయోగం విలువంతా ఉంది.

కొలతల విషయంలోనూ ఇదే జరిగింది. న్యుమోనియా, అంటే ఊపిరితిత్తులకు సోకే జబ్బు, పసివాళ్లలో ముందుగా వేగమైన శ్వాసగా బయటపడుతుంది. రెండు నెలల లోపు శిశువు నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తే ప్రమాదంగా భావిస్తారు. అంతదాకా లెక్కపెట్టే అలవాటు లేని మంత్రసానుల కోసం ఒక నిమిషపు ఇసుక గడియారాన్ని, రెండు వరుసల పూసలను అమర్చిన చిన్న పరికరం తయారైంది. పది శ్వాసలకు ఒక పూస చొప్పున జరుపుతూ పోవాలి. ఇసుక అయిపోకముందే వరుస చివరనున్న ఎర్రపూస కదిలితే బిడ్డకు మందు అవసరమన్నమాట. చదువురాని చేతికి సరిపోయేలా శాస్త్రమే తన లెక్కను మార్చుకుంది.

నవజాత శిశువు, అనగా పుట్టి 28 రోజులు దాటని బిడ్డ, పురిటి ఆచారం వల్ల గడప దాటడం అరుదు గనుక, వైద్యమే పురిటింటికి వెళ్లాలన్నది తర్వాతి అడుగు. ‘ఆరోగ్యదూత్’లుగా శిక్షణ పొందిన గ్రామ స్త్రీలు బిడ్డను తూచి, వెచ్చగా ఉంచి, అవసరమైతే సూదిమందు కూడా వేశారు. 39 గ్రామాల్లో సాగిన ఈ ప్రయోగ ఫలితాలు 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. పోలికకు తీసుకున్న గ్రామాలతో చూస్తే మూడో ఏటికి నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి.

2011లో ఈ పద్ధతిని కేంద్రం ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా చేపట్టింది. ఆస్పత్రి కాన్పు అయితే ఆరు, ఇంటి కాన్పు అయితే ఏడు సందర్శనలని లెక్క తేలింది, ఫారాలూ వచ్చాయి. కానీ గడ్చిరోలిలో అన్నింటికీ మొదలైన ఆ ప్రశ్న, జనాన్ని అడగడం, ఏ ఫారంలోనూ చేరలేదు. తెలుగు నేలపై ఏజెన్సీ గూడెంలో ఆశా కార్యకర్త తల్లితో గోండీలోనో కువిలోనో మాట్లాడి, విన్నదాన్ని తెలుగు రిజిస్టరు గడుల్లో ఇమడ్చవలసి వస్తే, ఆ తల్లి చెప్పిన కారణం గడి బయటే మిగిలిపోతుంది. ఉట్నూరులోనైనా పాడేరులోనైనా కొత్త ఆస్పత్రికి నమూనా గీసే ఇంజనీరూ వైద్యాధికారీ ముందుగా గూడెంలో తల్లులతో ఒక పూట కూర్చోవాలి, వారు చెప్పినది నమూనాలో కనబడాలి.