వెళ్లిన బ్యాచ్ ఫైల్ తిరిగి ఎందుకు రాదు? ‘కాల్’ కమాండ్ కథ

ఈ ఎపిసోడ్ అంతా ఒకే ఒక్క కమాండ్ గురించి: కాల్. విండోస్‌లో బ్యాచ్ స్క్రిప్టులు రాసేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వాడే ఉంటారు. అది రాయకపోతే స్క్రిప్టు సగంలో ఎందుకు ఆగిపోతుందో తెలియాలంటే మాత్రం 1981 దాకా వెళ్లాలి.

ముందు ఇప్పటి సంగతి చూద్దాం. మీ బిల్డ్ స్క్రిప్టులో మూడు లైన్లు ఉన్నాయనుకోండి. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, ఎన్‌పీఎం రన్ బిల్డ్, ఆ తర్వాత ఫైళ్లని సర్వర్‌కి కాపీ చేయడం. రన్ చేస్తే ఇన్‌స్టాల్ అయిపోతుంది, అక్కడితో సరి. మిగతా రెండు లైన్లు అసలు కదలవు. ఎర్రర్ కూడా రాదు, అంతా సక్సెస్ అనే చూపిస్తుంది. నిజమైన ప్రమాదం అదే. ఎర్రర్ వస్తే మనం లేచి చూస్తాం కదా!

కారణం ఏంటంటే, విండోస్‌లో ఎన్‌పీఎం అంటే ఎన్‌పీఎం డాట్ సీఎండీ, అంటే అది కూడా ఒక బ్యాచ్ ఫైలే. ఒక బ్యాచ్ ఫైల్ ఇంకో బ్యాచ్ ఫైల్‌ని ఉత్త పేరుతో పిలిస్తే వెళ్లడమే ఉంటుంది, తిరిగి రావడం ఉండదు. ముందు ‘కాల్’ అని రాస్తేనే వెనక్కి వస్తుంది.

ఇలా ఎందుకు పెట్టారు? డాస్‌కి ముందు సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. అందులో సబ్‌మిట్ అనే ప్రోగ్రాం ఉండేది. కమాండ్లన్నీ ఒక ఫైల్లో వరసగా రాసి ఇస్తే ఒక్కొక్కటీ నడిపేది. మనం ఇచ్చే ఆర్గ్యుమెంట్లు అందులో $1, $2. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ ఈ ఆలోచననే తీసుకుంది, $1 కాస్తా %1 అయింది. అప్పట్లో బ్యాచ్ ఫైల్ అంటే ప్రోగ్రాం కాదు. మీ బదులు కీబోర్డు మీద టైప్ చేసిపెట్టే జాబితా, అంతే.

పైగా మెమరీ లేదు. ఆ పీసీని 16 కిలోబైట్లతో కూడా అమ్మారు. బ్యాచ్ ఫైల్ మొత్తాన్ని మెమరీలో పెట్టుకునే ప్రసక్తే లేదు. అందుకని ఒక లైను చదవడం, నడపడం, ఫైల్లో ఎన్నో బైటు దాకా వచ్చామో గుర్తుపెట్టుకోవడం. ఆ గుర్తు ఒక్కటే. రెండో బ్యాచ్ ఫైల్ మొదలైతే పాత గుర్తు మీదే కొత్తది పడుతుంది. ఇక వెనక్కి రావడానికి దారేదీ?

సబ్‌రొటీన్ అంటే తెలియని రోజులేమీ కావవి. 1949లో మొదలైన కేంబ్రిడ్జ్ ఎడ్‌శాక్ కంప్యూటర్ మీద డేవిడ్ వీలర్ దీన్ని ఎప్పుడో సాధించాడు. ఎక్కడికి తిరిగి రావాలో ఆ చిరునామాని సబ్‌రొటీనే తన చివర రాసుకునేలా చేశాడు. బ్యాచ్‌కి అంత అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు, అంతే.

అవసరం వచ్చింది. 1983లో డాస్ 2.0తో ఇఫ్, గోటూ, ఫర్, షిఫ్ట్ వచ్చాయి. జాబితా కాస్తా భాష అయిపోయింది. తిరిగి రావడం మాత్రం లేదు. కావాలంటే కమాండ్ డాట్ కామ్ ఇంకో కాపీని లేపి, అందులో రెండో ఫైల్‌ని నడపాలి. అక్కడ సెట్ చేసిన వేరియబుల్స్ ఆ కాపీతోనే పోతాయి. 1987లో డాస్ 3.3తో ‘కాల్’ వచ్చింది. అప్పటికే ఎన్నో స్క్రిప్టులు పాత పద్ధతి మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి పాతదాన్ని కదపలేదు. నన్నడిగితే అది సరైన నిర్ణయమే, కానీ దాని బిల్లు మనం ఇప్పటికీ కడుతున్నాం.

ఒకే ఫైల్లో సబ్‌రొటీన్ రాసుకోవడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో ‘కాల్’ తర్వాత కోలన్ పెట్టి లేబుల్ పేరు రాసే వీలు వచ్చింది. సబ్‌రొటీన్ లోపల %1 అంటే దానికిచ్చిన ఆర్గ్యుమెంటే, స్క్రిప్టుకిచ్చింది కాదు. ‘గోటూ :ఈఓఎఫ్’ అంటే వెనక్కి వస్తుంది. ఇళ్లలోని విండోస్ 95, 98 యూజర్లకి ఇదేదీ అందలేదు, వాళ్లకి 2001లో ఎక్స్‌పీయే దిక్కయింది.

ఇంత వచ్చినా లేబుల్ అంటే ఫైల్లో ఒక చోటు మాత్రమే. మెయిన్ భాగం చివర ‘గోటూ :ఈఓఎఫ్’ పెట్టకపోతే, ఎవరూ పిలవకుండానే కింద ఉన్న సబ్‌రొటీన్‌లోకి జారిపోతుంది. ఆర్గ్యుమెంట్లదీ అదే వరస. స్పేస్ ఒక్కటే కాదు, కామా, సెమికోలన్, ఈక్వల్స్ గుర్తు కూడా విడదీసేస్తాయి. మోడ్=టెస్ట్ అని పంపితే %1లో మోడ్, %2లో టెస్ట్ వస్తాయి. కోట్స్‌లో పెట్టి పంపండి, లోపల %~1 అని తీసుకోండి, కోట్స్ ఊడిపోతాయి.

ఆ 1981 నాటి గుర్తు ఇంకా బతికే ఉందా అని డౌటుంటే మీరే చూడండి. ఒక టెస్ట్ ఫోల్డర్‌లో, టెస్ట్ ఫోల్డర్‌లోనే సుమా, మధ్యలో పాజ్ ఉన్న బ్యాచ్ ఫైల్ నడపండి. అది ఆగి ఉన్నప్పుడు నోట్‌ప్యాడ్‌లో తెరిచి పైన రెండు లైన్లు చేర్చి సేవ్ చేసి, అప్పుడు కీ నొక్కండి. గుర్తున్న బైటు దగ్గరే మళ్లీ చదవడం మొదలుపెడుతుంది, అక్కడిప్పుడు ఏ లైను ముక్క ఉంటే అదే కమాండ్ అనుకుంటుంది.