కాఫీ గ్రైండర్

వేయించిన కాఫీ గింజలను పొడి చేసే సాధనం. ఫ్రాన్స్‌లో ప్యూజో సంస్థ కార్లకు చాలా ముందే, 1840లో, కాఫీ మరలు తయారుచేసింది. పొడి చేసిన కాసేపటికే గింజ సువాసన తగ్గడం మొదలవుతుంది కనుక కాచుకునే ముందు ఆడించుకోవడం మేలు.

బ్లేడు రకం గింజను నరుకుతుంది. పొడిలో పలుకులూ ధూళీ కలిసిపోయి, ధూళి చేదెక్కుతుంది, పలుకుల్లోని సారం దిగకుండానే పోతుంది. బర్ రకానిది తిరగలి సూత్రం: రెండు పళ్ల చక్రాల మధ్య ఎడాన్ని మార్చి పొడిని కావలసినంత మెత్తగానో బరకగానో ఆడించుకోవచ్చు. ఎస్ప్రెస్సోకు బాగా మెత్తన, ఫ్రెంచ్ ప్రెస్‌కు రవ్వలాంటి బరక.

మన స్టీలు ఫిల్టరుకు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే పొడి కావాలి. పొడి మరీ మెత్తనైతే చిల్లులు పూడుకుపోయి డికాక్షన్ చుక్క కూడా దిగదు. బరకైతే నీళ్లలా జారిపోతుంది. చికోరీ ఇష్టమైతే ఆడించాకే కలపాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా వంటి మంచి గింజలు కొని బ్లేడుకు అప్పగించడం దండగ.

మరలో మిగిలిన పొడి జిడ్డెక్కి కంపు కొడుతుంది. బ్రష్షుతో దులపాలి, నీళ్లు తగలనివ్వకూడదు. ఒకరిద్దరు తాగే ఇంటికి చేత్తో తిప్పే బర్ గ్రైండరు చాలు.